జానెడు గొట్టం

అమలాపురం
12 ఫిబ్రవరి 1976

చిరంజీవి ఏసుదాసుకి,

ప్రభువు కృప వల్ల మేమిద్దరం బాగున్నాం. నువ్వూ, నీ షెడ్డూ, నీ కోపమూ క్షేమమని తలుస్తాం. మీ బావ చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ఆయన చదువు రెండో తరగతిలోనే ఆగిపోయింది కదా, పధ్నాలుగేళ్ళ నుంచీ ఈ ఇంట్లో గుమస్తాని నేనే. ఇక్కణ్ణుంచి మాట ఆయనది.

ఒరే ఏసూ, మన హెరాల్డు కారు సైలెన్సరు మళ్ళీ పోయింది. రెండేళ్ళలో ఇది మూడోది. ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు పడవ మీదకి ఎక్కించేటప్పుడు కారు వెనక భాగం నీళ్ళలో మునుగుతుందా, పోటు రోజుల్లో అవి ఉప్పు నీళ్ళాయె! గొట్టంలోకి పోయి లోపల్నుంచి తినేస్తున్నాయి. ఇప్పుడు బండి స్టార్టు చేస్తే కొంకాపల్లి దాకా వినపడుతోంది. మొన్న ఆదివారం చర్చి పక్క నుంచి వెళ్తే పాస్టరు గారు ప్రసంగం ఆపేసి కిటికీలోంచి చూశారట. కిరాయికి పిలిచినవాళ్ళు కూడా చప్పుడు విని దండం పెట్టి పంపేస్తున్నారు.

హెరాల్డు సైలెన్సరు ఇక్కడ లేదు, కాకినాడలో లేదు, మద్రాసు రాస్తే జవాబు లేదు. నువ్వేదో అంబాసిడరు సైలెన్సరు తెచ్చి హెరాల్డుకి బిగించేవని సఖినేటిపల్లి పంటు దగ్గర డ్రైవర్లు గొప్పగా చెప్పుకుంటున్నారట. నిజమైతే ఎలాగో రాయి. మీ షెడ్డు దాకా ఈ గోలతో రాలేను. నాకూ చేతులున్నాయి, నువ్వు రాస్తే నేనే బిగించుకుంటాను.

వీర్రాజు

ఇక ఇది నా మాట. గ్రీజు మరకల చొక్కాతో చర్చికి వెళ్తున్నావని పాపాయమ్మ పిన్ని రాసింది. ఒరేయ్, అమ్మ పోయాక నిన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని అక్షరాలు దిద్దించినదాన్ని, ఈ మాత్రం తిట్టే హక్కు నాకుంది. శుభ్రంగా ఉండు.

అక్క పుష్పలత


రాజోలు
20 ఫిబ్రవరి 1976

గౌరవనీయులైన బావగారికీ, ఇది చదివి వినిపిస్తున్న అక్కకీ ఏసుదాసు వందనాలు.

మీరు విన్నది నిజమేనండి. ఆర్నెల్లు బుర్ర బద్దలు కొట్టుకుంటే తేలిందండి ఆ పని. అంబాసిడరు సైలెన్సరు మన హెరాల్డు దాని కంటే లావు, పొడుగు. అది పెడితే వెనక ఇరుసు మీదుగా గొట్టం తీసుకెళ్ళడానికి చోటుండదు. అందరూ అక్కడే చేతులెత్తేసేరు. నేనేం చేసేనంటే, వెనక్కి తీసుకెళ్ళడమే మానేసేను. చక్రానికి ముందే పక్కకి తిప్పేసేను. మనకి కావలసిందీ అదే కదండీ! పంటు ఎక్కేటప్పుడు మునిగేది వెనక భాగం. పక్కనున్న గొట్టంలోకి నీళ్ళెలా వస్తాయి? మద్రాసు ఇంజనీర్లకి ఈ తెలివి రాలేదంటే వాళ్ళ తప్పు కాదు, వాళ్ళెప్పుడూ కారుని పంటు ఎక్కించి ఉండరు.

ఇక పని వినండి. ఇంజను నుంచి వచ్చే గొట్టాన్ని ముందు సీటు కింద కోసెయ్యండి. హెరాల్డు గొట్టం సన్నం, అంబాసిడరు మూతి వెడల్పు. మధ్యలో రెండంగుళాల పైపు ముక్క కాలరులాగ తొడిగి గ్యాసు వెల్డింగు పెట్టించండి. చుక్కలు చుక్కలుగా పెట్టి పొమ్మంటారు, ఒప్పుకోకండి, చుట్టూ పెట్టించండి. సైలెన్సర్ని ఇనప పట్టీతో గట్టిగా బిగిస్తే అదిరి విరిగిపోతుంది. పాత లారీ టైరు కోసి రెండు పట్టీలు చేసి వేలాడదియ్యండి. చివరి గొట్టం ఎడం వైపు వెనక తలుపు కిందకి తిప్పండి. అంతే, ఇంకేం లేదు.

ఒక్కటే అడుగుతున్నానండి. మీ ఊళ్ళో సూర్యప్రకాశరావు గారికి ఆరు హెరాల్డు టాక్సీలున్నాయి కదా, అవన్నీ ఇదే జబ్బుతో ఉన్నాయి. ఈస్టరు వెళ్ళగానే నేను వచ్చి ఆయనకి ఈ పని చూపిస్తాను. నచ్చితే బస్టాండు వెనక ఖాళీగా ఉన్న షెడ్డు నాకిస్తానని కబురంపేరు. అమలాపురంలో షెడ్డంటే అక్క ఇంటికి అరమైలు! మధ్యాన్నం అన్నానికి రోజూ మీ ఇంటి మీదే పడతాను, ఇప్పుడే చెప్పేస్తున్నాను. అందాకా ఈ పని ఎవరికీ చెప్పకండి. మీ కారు కింద ఎవర్నీ దూరనివ్వకండి. ఇన్నేళ్ళకి నా సొంతమని చెప్పుకోడానికి ఒక పని దొరికిందండి.

అక్కా, చొక్కా ఉతుక్కున్నాను.

ఏసుదాసు


అమలాపురం
14 మార్చి 1976

ఒరే ఏసూ,

ఆహా! ఏం పనిరా అది! నిన్న ముక్తేశ్వరం రేవులో వెనక భాగం నీళ్ళలో మునిగేలా పంటు ఎక్కించేను, ఒక్క చుక్క గొట్టంలోకి పోలేదు. బండి నడుస్తోందా ఆగిందా అని తెలియనంత మెత్తగా ఉంది చప్పుడు. ఎవరు చేసేరు, ఎలా చేసేరు అని డ్రైవర్లందరూ మూగేరు. కారు కిందకి వంగిన ఒకణ్ణి చొక్కా పట్టుకుని లాగేసేను. నీ మాట నీ మాటే. బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, నా నోట్లోంచి రాదు. మీ అక్క ఎదురుగానే ఉంది.

వీర్రాజు

నిజంగానే పెట్టారురా చెయ్యి, అదీ కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి! నేనే సాక్షిని. వెల్డింగు దగ్గర రెండు రోజులు అన్నం కూడా తినకుండా కూచున్నారు. నువ్వు తొందరగా వచ్చెయ్యి. వెనక గదిలో మంచం వేయించాను.

అక్క


రాజోలు
28 ఏప్రిల్ 1976

బావగారికి,

మంగళవారం నాడు నేను మీ ఊరు వచ్చేను. మీకు తెలియదు, నేను చెప్పలేదు.

సూర్యప్రకాశరావు గారు పెద్దమనిషి. కుర్చీ వేయించి కాఫీ ఇప్పించేరు. "ఏ పని మీద వచ్చేవయ్యా?" అన్నారు. "హెరాల్డుకి అంబాసిడరు సైలెన్సరు పెట్టే పని చూపిస్తానని మనవి చేసుకున్నాను కదండీ" అన్నాను. ఆయన నవ్వి, "అది మా వీర్రాజు కనిపెట్టేశాడు కదయ్యా! ఇప్పటికి మూడు కార్లకి పెట్టేడు. పనిమంతుడని ఆ షెడ్డు కూడా అతనికే ఇచ్చేను. నీకు బంధువేనటగా, తెలియదూ?" అన్నారు. "ఆయ్, తెలుసండి" అన్నాను. ఇంకేమనాలి చెప్పండి. కాఫీ చేదుగా ఉన్నా తాగేను, మర్యాద కోసం.

వస్తూ వస్తూ ఒక కారు కింద పడుకుని చూసేను. అదే కాలరు, అవే టైరు పట్టీలు. నేను ఆర్నెల్లు నిద్ర మానుకుని కట్టిన పనిని ఇంకొకరి ఆవరణలో వెల్లకిలా పడుకుని చూసుకున్నాను. షెడ్డు కావాలంటే నన్ను అడగవలసిందండి. ఇద్దరం కలిసి పెట్టుకుందాం అంటే కాదనేవాణ్ణా? బైబిలు మీద చెయ్యి పెట్టమని నేను అడిగేనా? మీరే పెట్టేరు. కడుపు మండిపోతోందండి.

అక్కా, సాక్షినని రాసిన చెయ్యి నీదే. మీ వీధి చివర దాకా వచ్చేను, ఇంటికి రాబుద్ధి కాలేదు.

ఏసుదాసు


అమలాపురం
20 జూన్ 1976

ఏసుదాసుకి,

నీ ఉత్తరం మీ అక్క నాలుగుసార్లు చదివింది, ఏడ్చింది. ఆడదాన్ని ఏడిపించడం నీకు బాగుందా? జరిగింది చెబుతాను విను. రావు గారు నా కారు చూసి అడిగేరు. పెద్దాయన అడిగితే ఎలా దాస్తాను? ఒకదానికి పెట్టి చూపించమన్నారు, పెట్టేను. కనిపెట్టింది నేనని ఆయనే అనుకున్నారు, నేను కాదని అనలేదు, అంతే నా తప్పు. అయినా గొట్టం కోసి గొట్టానికి అతికించడంలో నీ సొంతమేమిటోయ్? ఉత్తరంలో నాలుగు ముక్కలు నువ్వు రాస్తే, రెండు రోజులు వెల్డింగు మంట ముందు కళ్ళు పోగొట్టుకున్నది నేను. నీకంత బాధగా ఉంటే ఇక్కడికొచ్చి నా షెడ్డులో పని చెయ్యి. జీతమిస్తాను, పరాయివాడివా?

వీర్రాజు

తమ్ముడూ, పై మాటలు రాయనని మొండికేశాను. రాయకపోతే మాస్టారి దగ్గర రాయించుకుంటానన్నారు. ఊరంతా తెలియడం ఎందుకని రాశాను. మూడు కార్లకి పెట్టారని నాకు ముందే తెలుసు. నీకు రాయాలని రెండుసార్లు కార్డు తీశాను. ఇంట్లో గొడవవుతుందని ఊరుకున్నాను. అది నా తప్పే, తిట్టు, పడతాను. కానీ ఈ ఇంటికి రాబుద్ధి కాలేదనకురా.

ఒక చిన్న సంగతి. కాకినాడలో నాకు కొంచెం పని ఉండి పదిహేను రోజులకోసారి కారులో వెళ్ళి వస్తున్నాను. వెనక సీట్లో కూచుంటే చాలు తల పగిలిపోతోంది. వాంతులు. ఏదో పొగ కంపు కూడా. రేవులో పంటు కోసం ఆగినప్పుడు మరీ ఎక్కువ. బ్యాటరీ సరిగా లేదు, ఆపితే మళ్ళీ తొయ్యాలని ఆయన ఇంజను ఆపరు. చెబితే, నీకు కళ్ళజోడు కావాలంటారు. ఇంజను సంగతులు తెలిసినవాడివి, అదేమిటో నువ్వు రాయి.

అక్క


రాజోలు
2 జూలై 1976

వీర్రాజు గారికి,

మీ షెడ్డులో జీతానికి ఖాళీ ఉందన్నందుకు సంతోషం. నాకిక్కడ పని బాగానే ఉంది.

అక్కకి: ఎండలకి అందరికీ తల నొస్తోంది. అద్దాలు దించుకో. కారు సంగతులు నన్నెందుకు అడగడం? కనిపెట్టినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు, వారినే అడుగు.

ఏసుదాసు


కాకినాడ
27 ఆగస్టు 1976

ఏసుదాసుకి,

ఆస్పత్రి గుమస్తా బాలగంగాధరం గారిని బతిమాలి ఇది రాయిస్తున్నాను. మీ అక్క రాసే స్థితిలో లేదు.

సోమవారం వాన. అద్దాలన్నీ ఎత్తేసి వెళ్ళేం. నేను ముందు, నా పక్క అద్దం చెయ్యి పట్టేంత దించుకున్నాను. తను నడుం నొప్పని వెనక సీట్లో పడుకుంది. గోదావరి పోటెత్తి ముక్తేశ్వరంలో పంటు గంటసేపు ఆగిపోయింది. ఇంజను ఆపలేదు. వెనక నుంచి మాట లేకపోతే నిద్రపోయిందనుకున్నాను. పంటు మీదకి ఎక్కించేక తలుపు తీస్తే చెయ్యి జారి కిందకి వేలాడింది. పిలిస్తే పలకలేదు. మొహం మీద వాన పడేలా పంటు చెక్కల మీద పడుకోబెట్టేం. అవతలి ఒడ్డు కోటిపల్లి వచ్చేసరికి కళ్ళు తెరిచింది.

తను కడుపుతో ఉంది ఏసూ. ఏడో నెల. ముందు రెండుసార్లు నిలబడలేదు కదా, అందుకని ఈసారి ఎవరికీ చెప్పొద్దంది. ఏడో నెల దాటాక తమ్ముడికి నా నోటితో చెప్పుకుంటాను, కోపమంతా అప్పుడే పోతుందంది. పదిహేను రోజులకోసారి కాకినాడ వచ్చింది అందుకే. బిడ్డ దక్కలేదు. మగపిల్లాడు. గాలి అందక పోయేడన్నారు డాక్టరమ్మ. పొగ పీల్చిందా అని అడిగేరు.

ఇక్కడ నూకరాజని మెకానిక్కు ఉన్నాడు. కారు కిందకి దూరి ఒక్క నిమిషంలో బయటికొచ్చేడు. "గొట్టం తలుపు కిందే ఆపేసేరేంటండీ? ఇంకో జానెడు బయటికి తెచ్చి కిందకి వంచాలి కదా! ఆగినప్పుడు పొగంతా నేల సందుల్లోంచి వెనక సీటు కిందకొస్తోంది" అన్నాడు. రావు గారి మూడు కార్లూ ఆపించమని ఫోను చేయించేను.

నీ ఉత్తరం మళ్ళీ చదివించుకున్నాను. ఆ జానెడు సంగతి అందులో లేదు. నేను దొంగనే, ఒప్పుకుంటాను. నీ పని దొంగిలించేను. నన్నేమన్నా పడతాను. ఒక్క మాట రాయి చాలు. నీకూ తెలియదని రాయి.

వీర్రాజు


రాజోలు
3 సెప్టెంబరు 1976

అక్కా,

ఉత్తరం అందిన రోజే బయలుదేరి కాకినాడ వచ్చేను. ఆస్పత్రి గేటు దాకా వచ్చేను. బావ మెట్ల మీద కూచుని ఉన్నాడు. నాకు ముఖం చెల్లక తిరిగి బస్సెక్కేసేను.

నాకు తెలుసే.

మొదట ఈ పని చేసింది ఇక్కడ రాజోల్లో రమణమ్మ గారని ఒకావిడ కారుకి. అప్పుడు నేనూ గొట్టం తలుపు కిందే వదిలేసేను. సఖినేటిపల్లి రేవులో ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయింది. రెండు రోజులు ఆ కారు కిందే పడుకుని పట్టుకున్నాను ఆ జానెడు సంగతి. నా గురువు పోలిరాజు గారు పని నేర్పేటప్పుడు ఎవరికైనా అన్నీ చెప్పి ఒకటి ఉంచుకునేవారు. నా దగ్గరా ఉంచుకున్నారు, అది ఆయన పోయేక గాని నాకు తెలియలేదు. "పని మొత్తం చేతిలో పెట్టేస్తే రేపు నీ గుమ్మం ఎవడు తొక్కుతాడ్రా" అనేవారు. మా షెడ్లలో అందరూ అంతే, అదొక మర్యాదలాగ చేస్తారు. నేనూ ఒకటి ఉంచుకున్నాను. ఈస్టరు వెళ్ళేక వచ్చినప్పుడు నా చేత్తో ఆ ముక్క వేసి బావని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆ మాట దేవుడి ఎదుట చెప్పగలను.

తర్వాత సంగతి చెప్పలేను, అయినా చెబుతాను. రావు గారి ఆవరణలో కారు కింద పడుకున్నప్పుడు ఆ గొట్టం పొట్టిగా ఉండడం చూసేను. లేచి మట్టి దులుపుకుని వచ్చేసేను. పాసింజర్లు తల నొప్పులని తిట్టుకోవాలి, రావు గారు బావని గెంటేయాలి, అప్పుడు నా దగ్గరికి రావాలి అనుకున్నాను. జూన్‌లో నీ ఉత్తరం వచ్చింది. తల పగిలిపోతోందని చదవగానే నాకు అర్థమైపోయింది. వెంటనే ఉత్తరం రాసేను, గొట్టం పొడిగించమనీ, అందాకా కారెక్కవద్దనీ. దాన్ని అంటించబోతుంటే, జీతమిస్తానన్న మాట మళ్ళీ కళ్ళ పడింది. చింపేసి ఇంకోటి రాసేను. ఇంకోటి నీకు చేరింది.

అక్కా, కడుపుతో ఉన్నానని ఒక్క ముక్క రాసి ఉంటే! కాకినాడలో చిన్న పని అన్నావు, నేను చీరలకో దేనికో అనుకున్నాను. ఆ ముక్క తెలిసి ఉంటే గోదావరి ఈదుకుంటూ వచ్చి నా చేత్తో ఆ గొట్టం వేసేవాణ్ణి. మేనమామని కానా నేను? నీ మీద ఒట్టు, వచ్చేవాణ్ణి. నన్ను ఇంటికి రానియ్యి. ఒకసారి కొట్టు, కాని రానియ్యి.

ఏసుదాసు


అమలాపురం
19 సెప్టెంబరు 1976

ఏసుదాసుకి,

లేచి కూచోగలుగుతున్నాను. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, ఎవరూ చెప్పడం లేదు. మీ బావ వరండాలో ఉన్నారు. షెడ్డు తాళాలు రావు గారికి ఇచ్చేశారు. ఆ పని మా బావమరిదిదని ఆయన ఎదుట ఒప్పుకుని వచ్చారు. వచ్చి నా ఎదుట నిలబడ్డారు, ఏదో ఒకటి అనమని. ఇన్నేళ్ళు ఆయన మాటలు నా చేతులతో రాశాను, ఇక రాయనని మాత్రం చెప్పాను. ఆయన చేసింది దొంగతనం. బాధగా ఉంది, కోపంగా ఉంది, అయినా అది నాకు అర్థమవుతుంది. షెడ్డు మీద ఆశపడ్డ మనిషి, నీ ముందు చిన్నబోవడం ఇష్టం లేని మనిషి. పొగ సంగతి ఆయనకి తెలియదు. తెలిసి ఉంటే రావు గారి కార్లు కాదు, ముందు నేనెక్కే కారు ఆపేవారు.

నీ ఉత్తరం మూడు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. నిన్ను క్షమించడానికి దారి దొరుకుతుందేమోనని వెతికాను. గురువు నేర్పాడన్నావు, సరే. బావ మీద కోపమన్నావు, అదీ సరే, న్యాయమైన కోపమే. చింపేశానన్నావు. పోనీ, చింపేముందు ఒకటి రాశాడు కదా, మనసులో ఉంది కదా అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. అక్కడి దాకా వచ్చానురా. తలుపు తియ్యడానికే వచ్చాను.

తర్వాత ఆఖరి మాటలు చదివాను. కడుపుతో ఉన్నానని తెలిసి ఉంటే గోదావరి ఈదుకుంటూ వచ్చేవాడివట. నా మీద ఒట్టేశావు. నమ్ముతున్నాను, వచ్చేవాడివే.

తలనొప్పి అని నీకు రాసింది నేను. వాంతులని రాసింది నేను. అదేమిటో చెప్పమని అడిగింది నేను. అప్పుడు ఆ వెనక సీట్లో బిడ్డ ఉందని నీకు తెలియదు, ఒప్పుకుంటాను. నేనున్నానని తెలుసు కదా. నేనొక్కదాన్నే ఉన్నాననుకుని అద్దాలు దించుకోమన్నావు.

నేనొక్కదాన్నీ అయితే చాలలేదా ఏసూ నీకు?

పుష్పలత